కాలేజీకి పాత సైకిలు: కొనే ముందు, కొన్న తరువాత

స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే పనిలో ప్రతి యేడూ నేనూ ఒక చేయి వేస్తుంటాను. మార్కుల పట్టీ, ఆదాయ ధ్రువపత్రం, పాసుపుస్తకం నకలు అన్నీ సరిచూశాక, చివరగా నేను చదివేది ఇంటి చిరునామా. అక్కడి నుండి కాలేజీకి ఈ పిల్ల ఎట్లా పోతుంది అన్న ప్రశ్న మన ఫారంలో లేదు. కానీ మొదటి యేడు మధ్యలోనే చదువు మానుకున్న పిల్లల్ని కదిలిస్తే, ఫీజు మాట ఎంతమంది చెప్తారో, "మొదటి పీరియడు ఎప్పుడూ అందేది కాదు సార్, హాజరు తక్కువైంది" అన్న మాట కూడా ఇంచుమించు అంతమందే చెప్తారు. పి.యు.సి.లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఫీజుకు మనం సాయం చేయగలం. హాజరుకు చేయలేం. అందుకే ఈసారి సైకిలు గురించి, అందులోనూ పాత సైకిలు గురించి వ్రాస్తున్నాను.

బస్సు ఉంది కదా అనవచ్చు. 2023 జూన్ 11 నుండి కర్ణాటకలో ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సుల్లో టికెట్టు లేదు. ఎంతో మేలు జరిగింది, సందేహం లేదు. అయితే ఆ సౌకర్యం కర్ణాటకలో నివాసం ఉన్నట్టు గుర్తింపు కార్డు చూపినవారికే. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయినా చదువులకు, ఆసుపత్రికి, సంతకు అటువైపు జనం వచ్చేది ఇప్పటికీ బళ్ళారికే. హాలహర్వి నుండి వచ్చి ఇక్కడ పిన్ని ఇంట్లో ఉండి చదువుకునే అమ్మాయి ఆధార్ కార్డు ఆంధ్రది. ఆమెకు టికెట్టు తప్పదు. మగపిల్లలకు ఎటూ తప్పదు. అందరికీ ఉన్న అసలు ఇబ్బంది మరొకటి: బస్సు ఎక్కే చోటు ఇంటికి దూరం, దిగే చోటు కాలేజీకి దూరం.

కొంతమంది తల్లిదండ్రులు అప్పు చేసి స్కూటీ కొనిస్తారు. వారికి ఒక మాట. పి.యు.సి. చదివే పిల్లలకు పదహారో పదిహేడో ఉంటాయి. పద్దెనిమిది నిండనిదే మామూలు స్కూటరుకు లైసెన్సు రాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనరు బండి నడిపి పట్టుబడితే శిక్ష బండి ఇచ్చిన పెద్దవారికి: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. కంతు కట్టే బండి మీద ఆ భారం కూడా ఎందుకు? సైకిలుకు లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు. (మా చిన్నతనంలో చాలా మున్సిపాలిటీలు సైకిలుకూ యేటా ఒక బిళ్ళ ఇచ్చి పన్ను వసూలు చేసేవి. ఇప్పుడు ఆ బిళ్ళలు పాత ఇనుపసామాన్ల అంగళ్ళలో కనిపిస్తే అదృష్టం.)

ఇక కొత్తదా, పాతదా? డబ్బు ఉంటే కొత్తది కొనండి, నాకేమీ అభ్యంతరం లేదు. లేనివారికి చెప్పేది ఏమిటంటే, మన ఇళ్ళలో, బంధువుల ఇళ్ళలో సైకిళ్ళు ఊరికే పడి ఉన్నాయి. కర్ణాటక ప్రభుత్వం 2006-07 నుండి ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇచ్చింది. కోవిడ్ కాలంలో ఆ పంపిణీ ఆగింది. అట్లా వచ్చినవి ఎన్నో ఈనాడు మేడమెట్ల కింద పాత మంచానికి ఆనుకొని తుప్పు పడుతున్నాయి. ముందు చిన్నాన్న ఇంట్లో, మేనత్త ఇంట్లో అడగండి. అంగడికి ఆ తరువాత పోవచ్చు.

కంపెనీ పేరు చూసి మోసపోవద్దు, భయపడనూ వద్దు. మన దేశంలో తయారైన పెద్ద సైకిళ్ళు, హీరో, అట్లాస్, ఏవన్, హెర్క్యులిస్ ఏదైనా కానీ, పాత ఇంగ్లీషు సైకిలు నమూనా మీద వచ్చినవే. ఒకదాని సామాను చాలామటుకు ఇంకొకదానికి సరిపోతుంది. అట్లాస్ వారి చివరి కార్ఖానా 2020 జూన్‌లో మూతపడింది. అయినా మంచి అట్లాస్ సైకిలు దొరికితే నిస్సంకోచంగా తీసుకోండి, సామానుకు లోటు ఉండదు. గేర్ల సైకిలు మాత్రం, అదీ పాతది, వద్దంటాను. బళ్ళారి గుట్టను వదిలేస్తే ఊరంతా చదును. రైల్వే బ్రిడ్జి కింద నుండి ఎక్కివచ్చే కాస్త మిట్టకు ఏడు గేర్లు అక్కరలేదు. పాత గేరు చెడిపోతే సరైన సామాను దొరకక సైకిలు మూలన పడుతుంది.

మొట్టమొదట చూడవలసింది కొలత. పై రాడ్డు ఉన్న సైకిలయితే, దానికి అటూ ఇటూ కాళ్ళు నేల మీద పూర్తిగా ఆనించి నిలబడినప్పుడు రాడ్డుకూ శరీరానికీ మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే ఆ సైకిలు మీ అబ్బాయిది కాదు, ఎంత చవకైనా వదిలేయండి. "ఇంకా పెరుగుతాడు కదా" అని పెద్దది కొనేవారున్నారు. చొక్కా అయితే ఫరవాలేదు. సైకిలు పెద్దదైతే, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కాలు అందక లారీ వైపుకు ఒరుగుతాడు.

తరువాత ఫ్రేము, ముందు ఫోర్కు. మిగతావన్నీ మార్చుకోవచ్చు, ఇవి చెడితే ఇంక సైకిలు లేనట్టే. సైకిలును పక్క నుండి చూడండి. ఫోర్కు పైనుండి నేరుగా దిగి కింద కాస్త ముందుకు వంగాలి. వెనక్కి నొక్కుకుపోయినట్టుంటే ఎక్కడో గట్టిగా గుద్దుకుందన్నమాట. హ్యాండిలు కింద రెండు రాడ్లు వచ్చి కలిసే చోట రంగు ముడతలు పడిందా, చీలిందా అని వేలితో తడిమి చూడండి. పాత సైకిలుకు కొత్తగా రంగు వేసి ఉంటే నాకు అక్కడే అనుమానం.

ఫ్రేము వంకర తెలుసుకోవటానికి ఒక దారం చాలు. వెనక చక్రం ఇరుసు దగ్గర ఒక పక్క దారం కట్టి, ముందుకు తీసుకువెళ్ళి, హ్యాండిలు కింది గొట్టాన్ని చుట్టి, రెండో పక్క అదే చోటికి తెచ్చి బిగించండి. సీటు కింది గొట్టం ఈ రెండు దారాల మధ్యలో ఉంటుంది. అటూ ఇటూ ఖాళీని స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము నిటారుగా ఉన్నట్టు. తేడా కనిపిస్తే అమ్మేవారికి మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. రెండు వైపులా సరితూగాలన్నది లెడ్జరుకైనా ఫ్రేముకైనా ఒకటే.

చైను కొలిచేందుకు అంగుళాల స్కేలు కావాలి. సైకిలు చైనులో ఒక పిన్ను నుండి పక్క పిన్నుకు సరిగ్గా అర అంగుళం. ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి చూస్తే, కొత్త చైనులో 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల మీద ఉంటుంది. 12 దాటి అంగుళంలో పదహారోవంతు జరిగితే చైను మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదోవంతు జరిగితే చైనుతో పాటు వెనక ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగి ఉంటాయి. రెండూ కలిపి మార్చాలి. అరిగిన ఫ్రీవీలు మీద కొత్త చైను వేస్తే జారుతుంది. అదీ ఎప్పుడు? రోడ్డు దాటేటప్పుడు నిలబడి గట్టిగా తొక్కినప్పుడే.

మిగతావి త్వరగా చూడవచ్చు. ముందు బ్రేకు పట్టుకొని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిలు దగ్గర టకటక మంటే అక్కడి గుండ్లు వదులయ్యాయి. పెడలు పట్టె పట్టుకొని పక్కకు లాగండి. కదిలితే లోపల ఇరుసు అరిగింది. తొక్కుతుంటే ఒక కాలి కింద మాత్రం ప్రతి చుట్టుకూ 'టక్' మంటే అది కాటర్ పిన్ను, చిన్న ఖర్చు. చక్రాన్ని పైకెత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బెండు తీయించాలి. స్పోకులను రెండు రెండుగా వేళ్ళతో నొక్కితే వదులుగా ఉన్నవి వాటంతటవే బయటపడతాయి.

ఇప్పుడు లెక్క. కొనుగోలు ధర ఒక్కటే సైకిలు ధర కాదు. రోడ్డు మీదికి భద్రంగా వచ్చేదాకా అయిన ఖర్చంతా దాని ధరే. కామర్సు చదివిన పిల్లలకు ఇది కొత్త కాదు. పోయిన యేడు నాకు తెలిసిన ఒక అమ్మాయి కోసం రెండు సైకిళ్ళు చూశాం. ఒకటి అంగట్లో, తళతళలాడుతూ 2,800 రూపాయలు. రెండోది ఆమె మామ ఇంట్లో ఐదేళ్ళుగా నిలిపేసిన లేడీస్ సైకిలు, దుమ్ము కొట్టుకొని, రెండు టైర్లూ నేలకు కరుచుకొని. ఆయన 1,200 అడిగాడు. తళతళలాడే దానికి దారం పరీక్షలో మూడు గీతల తేడా వచ్చింది. మామగారి సైకిలే తీసుకున్నాం. దానికి అయిన ఖర్చు నా డైరీలో ఇట్లా ఉంది: టైర్లు రెండు 760, ట్యూబులు రెండు 320, చైను, ఫ్రీవీలు కలిపి 420, బ్రేకు రబ్బర్లు 120, బ్రేకు వైర్లు 120, గుండ్లు, గ్రీజుతో పూర్తి ఓవర్‌హాలింగు కూలీ సహా 450, బెల్లు 60, రిఫ్లెక్టర్లు 50, తాళం 180. కొన్న ధరతో కలిపి 3,680. అదే కొలత కొత్త సైకిలు ఆ రోజు అంగట్లో 6,500. నేను పెట్టుకున్న హద్దు కొత్తదాని ధరలో 60 శాతం, అంటే 3,900. దానికి లోపల వచ్చింది కనుక సరే అన్నాను. హద్దు దాటి ఉంటే కొత్తది కొనమనేవాణ్ణి. మీ హద్దు మీరు పెట్టుకోండి, కాని బేరానికి పోకముందే కాగితం మీద పెట్టుకోండి.

టైర్లు కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. "26 సైజు టైరు" అంటే సరిపోదు. లేడీస్ సైకిళ్ళకు, సన్న టైర్ల సైకిళ్ళకు వచ్చే 26 × 1⅜ వేరు, లావు టైర్ల సైకిళ్ళకు వచ్చే 26 × 1.95 వేరు, రెంటి రిమ్ములూ ఒకటి కావు, ఒకదానిది ఇంకొకదానికి ఎక్కదు. పాత టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-590 అనో, చివర 559 అనో అంకె ఉంటుంది. అది వ్రాసుకొని పోండి. పెద్ద సైకిలుకయితే 28 × 1½, అంకె 635. టైరు పైన గీతలు బాగానే ఉన్నా పక్క గోడలు ఎండకు పగిలి ఉంటే మార్చవలసిందే. మన ఎండకు రబ్బరు తొక్కకపోయినా చస్తుంది.

ముళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనం సర్కారు తుమ్మ అనేదాన్ని కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. ఏ పంటకో పండుకో పెట్టవలసిన ఊరి పేరును ముల్లుచెట్టుకు పెట్టారు, ఏం చేద్దాం! ఊరి బయట ఏ దారిలో పోయినా దాని ముళ్ళు తప్పవు. పంచరు వేసుకున్నాక మళ్ళీ అరగంటకే గాలి పోయిందంటే చాలామంది అంగడివాణ్ణి తిడతారు. అసలు సంగతి, మొదటి ముల్లు ఇంకా టైరులోనే ఉంటుంది. ట్యూబు ఎక్కించే ముందు ఒక పాత గుడ్డ తీసుకొని టైరు లోపల చుట్టూ తుడవండి. ముల్లు కొన ఉంటే గుడ్డ దారం పట్టుకుంటుంది. ఒట్టి వేలు పెట్టవద్దు. పంచరు వేయటం పిల్లలే నేర్చుకోవాలి, ఆడపిల్లలు కూడా. నీళ్ళ బకెట్టులో బుడగ చూసి చిల్లి గుర్తించడం, ఆరబెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషను పూసి తడి పోయేదాకా ఆగడం, అప్పుడు ప్యాచి అంటించి నొక్కడం. ఆ ఆగటం దగ్గరే అందరూ తొందరపడతారు. ఒక పాత పెన్సిలు డబ్బాలో ప్యాచీలు, సొల్యూషను, గరుకు కాగితం, రెండంగుళాల వాల్ ట్యూబు వేసి బ్యాగులో పెట్టుకుంటే చాలు. వాల్ ట్యూబు మెత్తబడి చీలినా గాలి పోతుంది. చాలాసార్లు పంచరు అనుకునేది అదే.

అంగట్లో ఓవర్‌హాలింగు చేయించేటప్పుడు సైకిలు వదిలి ఇంటికి వచ్చేయకండి. తొక్కబోయే పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెట్టండి. ఏ నట్టు ఎటు తిరుగుతుందో కళ్ళతో చూడాలి. ఉదాహరణకు, ఎడమ పెడలు మర అన్నిటికీ ఎదురు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. అది తెలియక బలంగా బిగించబోయి మర పాడుచేసుకుంటారు. పెడళ్ళ ఇరుసు మీద ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది, చూపించమని అడగండి.

బ్రేకుల విషయంలో ఒక్క రూపాయి కూడా మిగల్చవద్దు. రబ్బరు పూర్తిగా రిమ్ము మీదే ఆనాలి. కాస్త పైకి పోతే టైరును కోస్తుంది, కిందికి జారితే స్పోకుల్లో పడుతుంది. సైకిలు పక్కన నడుస్తూ ఒక్కొక్క బ్రేకూ విడిగా పట్టి చూడండి. ముందుది పడితే వెనక చక్రం పైకి లేవబోవాలి. వెనకది పడితే చక్రం తిరగకుండా ఈడ్చుకురావాలి. ఇనుప రిమ్ములు తడిస్తే బ్రేకు బాగా ఆలస్యంగా పడుతుంది. వాన రోజున ముందుగానే రెండు మూడుసార్లు మెల్లగా పట్టి వదిలి రిమ్ము తుడిచినట్టు చేయాలి. హొసపేట రోడ్డు మీద, సిరుగుప్ప రోడ్డు మీద లారీల వెనక పోయే పిల్లలకు ఇది మరీమరీ చెప్పండి. నల్లరేగడి ఊళ్ళ పిల్లలు వాన పడ్డాక మడ్‌గార్డు లోపల మట్టి ఆరకముందే పుల్లతో తీసేయాలి. ఆరితే రాయే.

సీటు ఎత్తు చాలామంది తక్కువ పెట్టుకుంటారు, మోకాళ్ళు నొప్పులంటారు. గోడ పట్టుకొని సైకిలెక్కి, పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పెట్టేది ముందు పాదం కనుక మోకాలు కాస్త వంగి సరిగ్గా సరిపోతుంది. కొత్తగా నేర్చినవారు ఒక అంగుళం దించుకొని, అలవాటయ్యాక ఎత్తుకోవచ్చు. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది. అది బయటికి కనపడేంత పైకి లాగరాదు. ఎనిమిదో తరగతిలో వచ్చిన సైకిలును డిగ్రీలో తొక్కేవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి.

చున్నీ వేసుకొనే అమ్మాయిల సైకిలుకు వెనక చక్రం పక్కన జాలీ గార్డు ఉండి తీరాలి. చైను కవరు అందరికీ ఉండాలి. జీన్స్ కుట్టే ఊళ్ళో ఉండి ప్యాంటు అంచు చైనుకు ఇవ్వడం ఏం న్యాయం? క్యారియరు మీద బ్యాగు కడితే దాని పట్టీలు వేలాడకుండా లోపలికి మడవండి. సాయంత్రం ట్యూషనుకు పోయేవారికి వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు చిన్న లైటు కావాలి.

పిల్లలకు ఒక మాట. పాత సైకిలును కాలేజీ గేటుకు రెండు వీధుల ఇవతల నిలిపి, నడిచి లోపలికి పోయే అబ్బాయి ఒకడు నాకు తెలుసు. ఎందుకని నేను అడగలేదు, తెలుస్తూనే ఉంది. అతని తల్లి కుట్టుమిషను మీద తెచ్చిన డబ్బుతో కొన్న సైకిలు అది. వీధిలో నిలిపితే పోతుంది, కాలేజీ స్టాండులో అయితే వాచ్‌మన్ ఉంటాడు అని మాత్రం చెప్పాను. కొన్నాళ్ళకు స్టాండులోనే కనిపించింది, హ్యాండిలుకు ఎర్ర రబ్బరు పట్టీలు వేసుకున్నాడు. అటువంటి సోకులకు పది ఇరవై రూపాయలు అడిగితే తల్లిదండ్రులు కాదనవద్దు.

బయటివారి దగ్గర కొంటే చీటీ తప్పనిసరి. అమ్మినవారి పేరు, తేదీ, సొమ్ము, సంతకం, ఫ్రేము నంబరు. నంబరు సీటు గొట్టం మీదో, పెడళ్ళ ఇరుసు ఉన్న గొట్టం అడుగునో చెక్కి ఉంటుంది. గీకేసి ఉంటే కొనవద్దు. దొంగసొత్తని తెలిసి గాని, అనుమానించటానికి కారణం ఉండి గాని కొంటే కొన్నవారిదీ నేరమే. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను అదే చెప్తుంది. ఆ చీటీనీ, సైకిలునూ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. తాళం ఎప్పుడూ చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి వేయాలి.

ఈ పనంతా కాలేజీ తెరవటానికి కనీసం రెండు వారాల ముందు పూర్తి కావాలి. ఒక ఆదివారం పొద్దున, రద్దీ లేనప్పుడు, ఇంటి నుండి కాలేజీ గేటు దాకా పోయి రావాలి. రెండుసార్లు పోతే ఇంకా మంచిది. ఎన్ని నిమిషాలు పట్టిందో వ్రాసుకోండి, దానికి పంచరు కోసం ఇరవై కలపండి. అంత ముందు బయలుదేరాలి. కొత్త బ్రేకు వైర్లు మొదటి వారంలో సాగుతాయి, బెండు తీసిన స్పోకులు సర్దుకుంటాయి, కాటర్ పిన్ను వదులవుతుంది. కాబట్టి వారం తొక్కాక మళ్ళీ ఒకసారి అదే అంగడికి తీసుకెళ్ళి బిగించుకోండి. ఆ రెండో బిగింపుకు కూలీ అడగనని ఓవర్‌హాలింగు రోజునే అతనితో మాట్లాడుకోండి.